సొంత సర్వర్‌లో బ్లాగు: వర్డ్‌ప్రెస్సా, ఘోస్టా, రైట్‌ఫ్రీలీనా, హ్యూగోనా?

డాకర్ (సాఫ్ట్‌వేర్‌ను కంటైనర్లనే విడి డబ్బాల్లో నడిపే పరికరం) వచ్చాక బ్లాగు సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేమీ కాదు. ఒక కంపోజ్ ఫైలు (ఏ కంటైనర్లు ఎలా నడవాలో రాసుకునేది), ఒక కమాండు, కాసేపు ఓపిక. వర్డ్‌ప్రెస్ అయినా అంతే, ఘోస్ట్ అయినా అంతే. అందుకే "ఏది ఇన్‌స్టాల్ చేయడం తేలిక?" అనే ప్రశ్నతో మొదలుపెడితే ఎటూ తేలదు. అసలు తేడాలు తర్వాత బయటపడతాయి. పాస్‌వర్డ్ మర్చిపోయిన రచయితకు రీసెట్ మెయిల్ వెళ్లదు. కొత్త వెర్షన్ వస్తే ఎలా ఎక్కించాలో తెలియదు. సర్వర్ మార్చే రోజున ఏ ఫోల్డర్ కాపీ చేసుకోవాలో అర్థం కాదు.

కాబట్టి ఈ పోలికలో ఇన్‌స్టాలేషన్‌కి తక్కువ చోటు, ఆ తర్వాతి సంసారానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను. మీ దగ్గర ఒక చిన్న క్లౌడ్ సర్వర్, ఒక డొమైన్ ఉన్నాయని, డాకర్ కమాండ్లు కొద్దిగా తెలుసని అనుకుంటున్నాను.

## ముందు ఏం చూసుకోవాలి

రాసేది ఎవరు? మీరొక్కరేనా, ఇంకో నలుగురున్నారా? ఆ నలుగురిలో ఫోన్‌లోనే రాసేవాళ్లు ఉన్నారా? ఎంపికను సగం తేల్చేది ఈ ఒక్క ప్రశ్నే. టెర్మినల్ అంటే భయపడే తెలుగు మాస్టారు మీ బ్లాగులో ముఖ్య రచయిత అయితే, హ్యూగో ఎంత గొప్పదైనా ఆయనకు పనికిరాదు.

మెయిల్ సంగతేంటి? చాలామంది దీన్ని ఆఖరున చూస్తారు, మొదట చూడాల్సింది ఇదే. క్లౌడ్ కంపెనీలు చాలావరకు 25వ పోర్టును మూసే ఉంచుతాయి. అంటే మీ సర్వర్ నేరుగా మెయిల్ పంపలేదు. బయటి ఎస్‌ఎమ్‌టీపీ (మెయిల్ పంపిపెట్టే) సర్వీసు ఒకటి తీసుకుని, 587వ పోర్టు మీదుగా పంపించుకోవాలి. ఈ తలనొప్పి అసలు వద్దనుకుంటే కొన్ని సాఫ్ట్‌వేర్లను ఇప్పుడే పక్కన పెట్టేయొచ్చు.

మెమరీ. మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్ ఒక్కటే, ఎవరూ సైటు చూడకపోయినా, కొన్ని వందల ఎంబీలు పట్టుకుని కూర్చుంటుంది. 1 జీబీ సర్వర్ తీసుకుంటే స్వాప్ (మెమరీ చాలనప్పుడు డిస్కులో వాడుకునే చోటు) పెట్టుకోవడం తప్పనిసరి అనుకోండి.

అప్‌డేట్, బ్యాకప్. ఏ డేటా ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలగాలి. చూపించలేకపోతే అది మీ బ్లాగు కాదు, మీ అదృష్టం.

తెలుగు. నాలుగింటిలోనూ యూనికోడ్ తెలుగు చక్కగానే నిలుస్తుంది, ఆ బెంగ అక్కర్లేదు. చిక్కు వచ్చేది టపా చిరునామాలోనూ, థీముల్లోనూ.

| | వర్డ్‌ప్రెస్ | ఘోస్ట్ | రైట్‌ఫ్రీలీ | హ్యూగో |
|---|---|---|---|---|
| డేటాబేస్ | మరియాడీబీ లేదా మైఎస్‌క్యూఎల్ | మైఎస్‌క్యూఎల్ 8 | ఎస్‌క్యూలైట్ చాలు | లేదు |
| నేను సూచించే మెమరీ | 1 జీబీ, స్వాప్‌తో | 2 జీబీ | 512 ఎంబీ | ఉన్నదేదైనా |
| మెయిల్ లేకపోతే | నడుస్తుంది, పాస్‌వర్డ్ రీసెట్ ఉండదు | లాగిన్‌కే ఇబ్బంది | నడుస్తుంది | సంబంధమే లేదు |
| ఫొటోల అప్‌లోడ్ | ఉంది | ఉంది | లేదు | ఫోల్డర్‌లో పెట్టుకోవడమే |
| వ్యాఖ్యలు | ఉన్నాయి | సభ్యులకు మాత్రమే | లేవు | లేవు |
| కొత్త వెర్షన్ | అడ్మిన్ పేజీ నుంచి | ఇమేజ్ (కంటైనర్ తయారయ్యే ప్యాకేజీ) మార్చి | ఇమేజ్ మార్చి, మైగ్రేషన్ (డేటాబేస్ మార్పిడి) కమాండు నడిపి | మీ ఇష్టం వచ్చినప్పుడు |

## వర్డ్‌ప్రెస్

2003 నుంచి ఉంది. తెలుగు బ్లాగర్లకు బ్లాగర్ తర్వాత బాగా అలవాటైన పేరు ఇదే. అడ్మిన్ పేజీకి తెలుగు భాష ఎంచుకోవచ్చు, ఫోన్ యాప్ ఉంది, ఏ సమస్య వచ్చినా వెతికితే జవాబు దొరుకుతుంది. బ్లాగర్ నుంచి పాత టపాలు తెచ్చుకునే ఇంపోర్టర్ కూడా ఉంది.

కంటైనర్‌లో పెట్టినప్పుడు మాత్రం దీనికి కొన్ని వింత అలవాట్లున్నాయి.

మొదటిది అప్‌డేట్. మిగతా సాఫ్ట్‌వేర్లలాగే కొత్త ఇమేజ్ దించుకుంటే వర్డ్‌ప్రెస్ కొత్తదైపోతుందనుకుంటారు. కాదు. అధికారిక ఇమేజ్ మొదటిసారి లేచినప్పుడు వర్డ్‌ప్రెస్ ఫైళ్లను వాల్యూమ్‌లోకి (కంటైనర్ పోయినా డేటా నిలిచే చోటు) కాపీ చేస్తుంది. ఆ తర్వాత ఫైళ్లు కనిపిస్తే వాటిని ముట్టుకోదు. కాబట్టి కొత్త ఇమేజ్ వల్ల మారేది పీహెచ్‌పీ, అపాచీ మాత్రమే. వర్డ్‌ప్రెస్‌ను అడ్మిన్ పేజీ నుంచే అప్‌డేట్ చేయాలి. అంటే రెండు వైపులా చూసుకుంటూ ఉండాలి. కంటైనర్లు నిక్కచ్చిగా ఉండాలని కోరుకునేవాళ్లకు ఇది చిరాకు. నాకూ చిరాకే, కానీ అలవాటైపోయింది.

రెండోది ఫొటోలు. ఈ ఇమేజ్‌లో పీహెచ్‌పీ అప్‌లోడ్ పరిమితి 2 ఎంబీ. ఇప్పటి ఫోన్‌తో తీసిన ఫొటో ఏదైనా దాన్ని సులువుగా దాటేస్తుంది. రచయితలు "ఫొటో ఎక్కట్లేదండీ" అని ఫోన్ చేస్తారు. పరిమితి పెంచుతూ రెండు మూడు లైన్ల ఐఎన్‌ఐ ఫైలు రాసి, పీహెచ్‌పీ కాన్ఫిగ్ ఫోల్డర్‌లోకి మౌంట్ చేస్తే సరిపోతుంది. ఇది మొదటి రోజే చేసేయండి.

మూడోది మెయిల్. ఇమేజ్‌లో మెయిల్ పంపే ప్రోగ్రామ్ ఏదీ ఉండదు. ఎస్‌ఎమ్‌టీపీ ప్లగిన్ పెట్టేదాకా ఒక్క మెయిల్ కూడా బయటికి పోదు. పోనట్టు పెద్దగా చెప్పదు కూడా.

షెడ్యూల్ చేసిన టపాలది ఇంకో కథ. ఉదయం 6 గంటలకు టపా రావాలని పెట్టి పడుకుంటారు. ఎవరో ఒకరు సైటు తెరిస్తే తప్ప వర్డ్‌ప్రెస్ తన గడియారం చూసుకోదు. పాఠకులు తక్కువున్న బ్లాగులో టపా 8 గంటలకు రావచ్చు. సర్వర్ క్రాన్ (వేళకు పనులు నడిపే ఏర్పాటు) నుంచి ఆ పనిని పిలిపించుకుంటే టెన్షన్ ఉండదు. టైమ్ జోన్ సెట్టింగ్‌లో కోల్‌కతా పెట్టారో లేదో కూడా చూసుకోండి. కంటైనర్ గడియారం యూటీసీలో నడుస్తుంది.

ఇక తెలుగు చిరునామాలు. "బతుకమ్మ పూల పేర్లు, వాటి కథలు" అని శీర్షిక పెట్టారనుకుందాం. వర్డ్‌ప్రెస్ దాన్నే చిరునామాగా మారుస్తుంది. తెలుగులో అక్షరానికీ, గుణింతపు గుర్తుకీ, ఒత్తుకు ముందొచ్చే పొల్లుకీ తలా 3 బైట్లు. చిరునామాలోకి వెళ్లేసరికి ఒక్కోటి 9 గుర్తులవుతుంది. వర్డ్‌ప్రెస్ ఒక టపా చిరునామాకు ఇచ్చే చోటు 200 గుర్తులే. లెక్క చూస్తే ఈ శీర్షిక "వాటి-క" దగ్గర తెగిపోతుంది. లింకు పనిచేస్తుంది, కానీ వాట్సాప్‌లో పంపితే శాతం గుర్తులతో ఒక పేరా అంత పొడవు కనిపించవచ్చు. ప్రచురించేముందు చిరునామా పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో చిన్న పేరు టైప్ చేసుకోవడం ఉత్తమం. ప్రచురించాక మళ్లీ మళ్లీ మార్చకండి.

ప్లగిన్ల గురించి ఎక్కువ చెప్పను. ఎన్ని తక్కువుంటే అంత మంచిది. వర్డ్‌ప్రెస్ సైట్లలోకి చొరబాట్లు ఎక్కువగా పాతబడ్డ ప్లగిన్ల గుండానే జరుగుతాయి. కంటైనర్‌లో ఉంది కదా అని ఆ ముప్పు తగ్గదు.

## ఘోస్ట్

రాయడానికి ఘోస్ట్ ఎడిటర్ అంత హాయిగా ఉండేది ఈ నాలుగింటిలో లేదు. తెల్లటి పేజీ, మీ అక్షరాలు, అంతే. 2013లో కిక్‌స్టార్టర్ చందాలతో మొదలైన ప్రాజెక్టు, నోడ్ జేఎస్ మీద నడుస్తుంది. టపాను అదే నొక్కుతో పాఠకుల మెయిల్‌కి కూడా పంపడం దీని అసలు బలం.

ఆ బలం దగ్గరే ఖర్చూ ఉంది. ఘోస్ట్‌కి రెండు రకాల మెయిల్ కావాలి. లాగిన్, ఆహ్వానం లాంటి చిన్న మెయిళ్లకు ఏ ఎస్‌ఎమ్‌టీపీ అయినా సరే. న్యూస్‌లెటర్‌కి మాత్రం అధికారికంగా మెయిల్‌గన్ అనే మెయిల్ సర్వీసు ఒక్కటే దారి. ఎస్‌ఎమ్‌టీపీ పెట్టేశాను కదా, ఉత్తరాలన్నీ వెళ్తాయిలే అనుకుంటే కుదరదు.

ఇంకో మెలిక ఈ మధ్య వచ్చింది. కొత్త బ్రౌజర్ నుంచి లాగిన్ అయితే ఘోస్ట్ మెయిల్‌కి ఒక కోడ్ పంపి, అది అడుగుతుంది. మెయిల్ సెట్ చేయలేదా, కోడ్ రాదు, మీ బ్లాగులోకి మీరే వెళ్లలేరు. సెక్యూరిటీ సెట్టింగ్‌లలో సిబ్బంది పరికరాల నిర్ధారణ అనే దాన్ని ఆపేస్తూ కంపోజ్ ఫైలులో ఒక వేరియబుల్ పెడితే లోపలికి రానిస్తుంది. కానీ అది తాత్కాలిక మందుగా వాడండి. మెయిల్ సరిచేశాక తీసేయండి.

ఘోస్ట్ 5 నుంచి ప్రొడక్షన్‌కి మైఎస్‌క్యూఎల్ 8 మాత్రమే అంగీకారం. మరియాడీబీతో లాక్కొచ్చేవాళ్లున్నారు. నేనైతే ఆ సాహసం చేయమని చెప్పను, ఏదో ఒక అప్‌డేట్ దగ్గర ఆగిపోయే ప్రమాదం ఉంది. సైటు చిరునామా చెప్పే యూఆర్‌ఎల్ వేరియబుల్‌ను హెచ్‌టీటీపీఎస్‌తో కలిపి మొదటి నుంచే సరిగ్గా ఇవ్వాలి. దాన్ని తప్పు ఇస్తే లింకులు, బొమ్మలు, దారి మళ్లింపులు అన్నీ తప్పే.

అప్‌డేట్ విషయంలో ఘోస్ట్ మాట మీద నిలబడుతుంది. కొత్త ఇమేజ్ నంబరు రాసి లేపితే డేటాబేస్‌ను తనే మార్చుకుంటుంది. అయితే వెనక్కి తిరిగి రాలేదు. 5 నుంచి 6కి వెళ్లేవాళ్లు ముందు 5లోని చివరి వెర్షన్‌కి వచ్చి, డేటాబేస్ డంప్ (పూర్తి కాపీ) తీసుకుని, అప్పుడు దాటండి. 6 వచ్చాక ఘోస్ట్ వాళ్లే ఒక డాకర్ కంపోజ్ అమరికను ఇస్తున్నారు, అందులో కాడీ ప్రాక్సీ (బయటి నుంచి వచ్చేవాళ్లను బ్లాగు దగ్గరికి చేర్చేది) కూడా కలిసే ఉంది. ఫెడివర్స్‌తో (మాస్టడాన్ లాంటి సోషల్ సైట్ల కూటమి) కలవడం, లోపలి గణాంకాలు లాంటి 6 సదుపాయాలు కావాలంటే ఆ అమరికతో వెళ్లడమే తేలిక. అవేవీ వద్దనుకుంటే డాకర్ హబ్‌లోని మామూలు ఇమేజ్ చాలు.

చందాదారుల నుంచి డబ్బు తీసుకోవాలని ఘోస్ట్ వైపు చూస్తున్నారా? దానికి స్ట్రైప్ అనే పేమెంట్ సర్వీసులో ఖాతా కావాలి. 2024 నుంచి భారత్‌లో స్ట్రైప్ కొత్త ఖాతాలను ఆహ్వానం ఉంటేనే ఇస్తోంది. డల్లాస్‌లోనో లండన్‌లోనో ఉన్న తెలుగువాళ్లకు ఇది సమస్య కాదు. విజయవాడలో ఉన్న రచయితకు మాత్రం ఘోస్ట్‌ని ఎంచుకోవడానికి ఉన్న పెద్ద కారణాల్లో ఒకటి అక్కడే పోతుంది.

తెలుగు శీర్షికలను ఘోస్ట్ రోమన్ అక్షరాల్లోకి మార్చి చిరునామా చేస్తుంది. తెగిపోవడం ఉండదు కానీ ఆ స్పెల్లింగు మనం రాసే పద్ధతిలో ఉండదు. ఇక్కడా చేత్తో సరిచేసుకోవడమే. థీముల్లో ఇంకో చిన్న పని ఉంది. ఇంగ్లిష్ కోసం చేసిన థీముల్లో శీర్షికల లైన్ల మధ్య ఎడం బాగా తక్కువ. "శ్రీకృష్ణ", "రాష్ట్రం" లాంటి మాటలున్న శీర్షిక రెండు లైన్లకు వస్తే, పై లైను ఒత్తులు కింది లైను గుడి దీర్ఘాలకు తగులుతాయి. కోడ్ ఇంజెక్షన్ పెట్టెలో లైన్ హైట్ 1.5 దాకా పెంచి, మండలి లాంటి ఒక తెలుగు ఫాంట్ పెట్టండి. పేజీ కళే మారిపోతుంది.

## రైట్‌ఫ్రీలీ

కవితలు, డైరీలాంటి టపాలు, పొడవాటి వ్యాసాలు. బొమ్మలు అక్కర్లేదు, వ్యాఖ్యలు అక్కర్లేదు. అలాంటివాళ్లకు ఇది. గో భాషలో రాసిన ఒకే ఒక ప్రోగ్రామ్, ఎస్‌క్యూలైట్ ఫైలు ఒకటి. అతి చిన్న సర్వర్ మీద కూడా నిమ్మళంగా నడుస్తుంది. యాక్టివిటీపబ్ (ఫెడివర్స్ సైట్లు మాట్లాడుకునే భాష) ఉంది కాబట్టి మాస్టడాన్‌లో ఉన్నవాళ్లు మీ బ్లాగును నేరుగా ఫాలో కావచ్చు. ఒక్కరికే పెట్టుకోవచ్చు, లేదా ఒక సాహితీ బృందంలో అందరికీ తలొక బ్లాగు ఇవ్వవచ్చు.

ఫొటో అప్‌లోడ్ లేదు, ఇది మళ్లీ చెబుతున్నాను. బొమ్మ ఇంకెక్కడో పెట్టి లింకు ఇవ్వాలి. ప్రయాణాల గురించో వంటల గురించో రాసేవాళ్లు దీని జోలికి రావద్దు.

బ్యాకప్ తీసేటప్పుడు డేటాబేస్ ఫైలుతో పాటు కీస్ ఫోల్డర్ కూడా తీసుకోండి. వాడుకరుల ఈమెయిళ్లు ఆ కీలతోనే తాళం వేసి ఉంటాయి.

## హ్యూగో

ఇది బ్లాగు నడిపే ప్రోగ్రామ్ కాదు, పేజీలు తయారు చేసిచ్చేది. మీరు మార్క్‌డౌన్‌లో (చిన్న గుర్తులతో రాసే మామూలు టెక్స్ట్) రాస్తారు, అది హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీలు చేస్తుంది, ఎన్‌జినెక్స్ లేదా కాడీ కంటైనర్ ఒకటి వాటిని వడ్డిస్తుంది. డేటాబేస్ లేదు, లాగిన్ లేదు, హ్యాక్ చేయడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక టపాకు ఒక్కసారిగా జనం వచ్చిపడినా సర్వర్ చలించదు.

నిజం చెప్పాలంటే హ్యూగోకి కంటైనర్ అంత అవసరమేమీ లేదు. ల్యాప్‌టాప్‌లో పేజీలు తయారు చేసి సర్వర్‌కి కాపీ చేసినా ఒకటే. కంటైనర్ వల్ల ఒక లాభం ఉంది, హ్యూగో వెర్షన్ కట్టేసినట్టు ఉంటుంది. థీములు కొత్త హ్యూగోతో విరిగిపోవడం మామూలే. ఇమేజ్ నంబరు ఖాయం చేసుకుంటే మీ బ్లాగు ఏళ్ల తరబడి అలాగే తయారవుతుంది.

లోటు ఎక్కడంటే, బస్సులో కూర్చుని ఫోన్‌లో టపా దిద్దాలంటే నరకం. వ్యాఖ్యలకు వేరే కంటైనరో బయటి సర్వీసో కావాలి. గిట్ (ఫైళ్ల మార్పులను దాచిపెట్టే పరికరం) తెలియని రెండో రచయిత వచ్చిన రోజున మీరే టైపిస్టు అవుతారు.

## ఏది తీసుకున్నా తప్పనివి

డాకర్‌లో బయటికి తెరిచిన పోర్టులు ఉబుంటులోని యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాల్‌ను లెక్కచేయవు. ఫైర్‌వాల్‌లో మూసేశాననుకున్న డేటాబేస్ పోర్టు ఇంటర్నెట్‌కి బార్లా తెరిచి ఉండొచ్చు. డేటాబేస్ కంటైనర్‌కి పోర్టుల లైనే రాయకండి, బ్లాగు కంటైనర్ దాన్ని లోపలి నెట్‌వర్క్‌లోనే చేరుకోగలదు. బయటికి తెరవాల్సింది ప్రాక్సీకి చెందిన 80, 443 మాత్రమే. ప్రాక్సీగా నేను కాడీనే సూచిస్తాను. డొమైన్ మీ సర్వర్ వైపు చూపిస్తూ ఉంటే చాలు, సర్టిఫికెట్ తనే తెచ్చుకుని తనే పొడిగించుకుంటుంది. ఎన్‌జినెక్స్ వాడితే దాని అప్‌లోడ్ పరిమితి 1 ఎంబీ అని గుర్తుంచుకోండి.

కంపోజ్ ఫైలులో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చి మళ్లీ లేపితే "యాక్సెస్ డినైడ్" అని వస్తుంది, చాలామంది అక్కడ గంటలు పోగొట్టుకుంటారు. ఆ వేరియబుల్ పనిచేసేది డేటా ఫోల్డర్ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే. తర్వాత మార్చాలంటే డేటాబేస్ లోపలికెళ్లి మార్చాలి. ఆ కంగారులో ఎక్కడో చూసి "డాకర్ కంపోజ్ డౌన్" కమాండుకు హైఫన్ వి తగిలించారా, వాల్యూమ్‌లతో సహా టపాలన్నీ గాలికిపోతాయి.

ఇమేజ్ పేరు చివర "లేటెస్ట్" అని రాయకండి. ముఖ్యంగా డేటాబేస్‌కి. మైఎస్‌క్యూఎల్ కొత్త వెర్షన్ మీ డేటా ఫైళ్లను మార్చేశాక పాత వెర్షన్ వాటిని చదవలేదు.

సర్వర్ ఎక్కడ పెట్టాలన్నది చిన్న ప్రశ్నే. పాఠకులు ఎక్కువమంది ఇక్కడే ఉంటే ముంబయి, బెంగళూరు, లేదా 2022 నవంబర్‌లో మొదలైన ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్, ఏదైనా పర్లేదు. ఇంట్లో రాస్ప్‌బెర్రీ పై మీద పెడదామనుకునేవాళ్లు ముందు తమ ఇంటర్నెట్ కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీ ఉందో లేదో కనుక్కోండి. చాలా ఇళ్లలో ఉండదు, ఒకే ఐపీ వెనక ఎంతోమందిని పెడతారు. అప్పుడు బయటివాళ్లను మీ సర్వర్‌కి చేర్చే టన్నెల్ సర్వీసు ఒకటి కావాలి. మైఎస్‌క్యూఎల్‌కి 64 బిట్ ఓఎస్ ఉండాలి, డేటా ఎస్‌డీ కార్డు మీద కాక ఎస్‌ఎస్‌డీ మీద ఉండాలి.

## మరి ఎవరికి ఏది?

ఇద్దరు ముగ్గురు రచయితలు, ఫొటోలు, వ్యాఖ్యలు, ఫోన్‌లో రాయడం, ఇవన్నీ కావాలంటే వర్డ్‌ప్రెస్. అందంలో ఘోస్ట్ ముందు తేలిపోతుంది, అయినా సరే. వేరే వాళ్లకు అప్పజెప్పాల్సి వస్తే తీసుకునేవాళ్లు దొరికేది దీనికే.

వారం వారం పాఠకుల మెయిల్‌కి వెళ్లే పత్రిక లాంటిది నడపాలనుకుంటే, మెయిల్‌గన్ ఖర్చు భరించగలిగితే, 2 జీబీ సర్వర్ ఉంటే ఘోస్ట్. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లేకపోయినా దాని ఎడిటర్ అందం చూసి మనసు పారేసుకోకండి.

ఒక్కరే రాస్తారు, మీరే ప్రోగ్రామర్ కూడా, అయితే హ్యూగో. రాసేది కవితలే, సర్వర్ బుల్లిది, అయితే రైట్‌ఫ్రీలీ.

ఇంకా తేల్చుకోలేకపోతే, తర్వాత బయటికి రావడం ఎందులో సులువో చూడండి. హ్యూగోలో మీ టపాలు మొదటి నుంచీ మామూలు ఫైళ్లే. వర్డ్‌ప్రెస్ నుంచి ఘోస్ట్‌కీ హ్యూగోకీ వెళ్లే పరికరాలు ఉన్నాయి. ఘోస్ట్ నుంచి వచ్చేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోవాలి. అది ఎగుమతి చేసిచ్చే జేసన్ ఫైలులో బొమ్మలు ఉండవు, కంటెంట్ ఫోల్డర్‌లోంచి వాటిని విడిగా కాపీ చేసుకోవాలి.